కయోటీ గల్చ్: ఒంటరి నడకకు అనువైన లోయ

ఆంటిలోప్ కాన్యన్‌లో వరుసలో నిలబడి, గైడు చూపిన చోట ఫోటో దిగి వచ్చిన తెలుగువారు అమెరికాలో చాలామందే ఉన్నారు. అదే ఎర్రరాతి గోడల మధ్య ఎవరి తొందరా లేకుండా నడవాలంటే యూటా దక్షిణాన ఉన్న ఎస్కలాంటే ఊరికి వెళ్లాలి. అక్కడి లోయల్లో, ఒంటరిగా వెళ్లేవారికి నేను చెప్పేది కయోటీ గల్చ్.

కారణం నీళ్లు. ఎడారిలో ఒంటరి మనిషికి అసలు బరువు గుడారం కాదు, మోయాల్సిన నీరు. లోయలోకి తీసుకెళ్లే హరికేన్ వాష్ దారిలో మొదటి కొన్ని మైళ్లు ఒట్టి ఇసుకే. ఆ తర్వాత వాగు మొదలై ఇక వదలదు. గోడల్లోంచి ఊటలూ కారుతుంటాయి. వడకట్టుకుని తాగాలి, అంతే. సుమారు 7 మైళ్లు నడిస్తే జేకబ్ హాంబ్లిన్ ఆర్చ్ వస్తుంది. తిరుమల శిలాతోరణాన్ని కంచె ఇవతలి నుంచి చూసిన నాకు, ఇంత పెద్ద తోరణం దగ్గర గుడారం వేసుకోనివ్వడమే వింతగా తోచింది. వసంతంలో శని, ఆదివారాల్లో జనం ఉంటారు. కొందరికి అది చిరాకు. కాలు మడత పడితే పలకరించే దిక్కుందని నాకు ధైర్యం.

పేరు ఎక్కువగా వినిపించే బక్‌స్కిన్ గల్చ్‌కు మాత్రం నేను ఒంటరిగా వెళ్లను. మైళ్ల కొద్దీ ఇరుకు సందు, చల్లటి నిలవ నీళ్లు, పైకెక్కి తప్పుకునే చోట్లు బహు తక్కువ. 1997 ఆగస్టులో ఆంటిలోప్‌లో 11 మందిని ముంచిన వరదకు కారణమైన వాన కురిసింది అక్కడ కాదు, మైళ్ల దూరంలో. జులై నుంచి సెప్టెంబరు దాకా ఏ ఇరుకు లోయా వద్దు. కయోటీలోనైనా గుడారం వాగుకు ఎత్తుగా ఉన్న గట్టు మీదే వేయాలి.

లోయకంటే దారే ఎక్కువ సతాయించింది. ఊరి నుంచి లోయ వైపు వెళ్లేది హోల్ ఇన్ ద రాక్ రోడ్డు. 1879-80లో మార్మన్ అనే క్రైస్తవ శాఖ వలసదారులు బండ్లతో సాగిన ఆ దారి ఇప్పటికీ చాలావరకు మట్టిదే. గతుకులకు పళ్లు కటకటలాడతాయి, తడిస్తే బురదలో చక్రం కదలదు. కారు అద్దెకిచ్చిన సంస్థ కౌంటరులో ‘ఫరవాలేదు’ అన్నారు. కాగితంలో మాత్రం మట్టిరోడ్డుపై బీమా వర్తించదని ఉంది. సంతకానికి ముందు ఆ ముక్క వెతకండి. నేను చివరికి ఊళ్లో డబ్బిచ్చి ఎత్తైన బండిలో దింపించుకున్నాను. ఖరీదే, కానీ నిశ్చింత.

బసకు మోటళ్లు ఫరవాలేదు. వెళ్లే ముందు రాత్రికి, తిరిగొచ్చాక స్నానానికి ఊరి పక్కనే ఉన్న పెట్రిఫైడ్ ఫారెస్ట్ స్టేట్ పార్కు నయం. శాకాహారం మీద ఆశలు పెట్టుకోకండి. అటుకులు, కందిపొడి ఉంటే పొయ్యి కూడా అక్కర్లేదు.

లోయలో రాత్రి బసకు పర్మిట్ తీసుకోవాలి. మంట వేయకూడదు. మలాన్ని కూడా ప్రత్యేక సంచిలో మోసుకు రావాల్సిందే. మొదట ముఖం చిట్లించినా, వాగు నీళ్లు తాగేటప్పుడు ఆ నియమం పెట్టినవారికి దండం పెడతారు. ఫోను పనిచేయదు. ఉపగ్రహ పరికరం కూడా ఎత్తైన గోడల మధ్య మొరాయిస్తుంది కనుక, ఏ దారిన దిగి ఎప్పటికి వస్తారో ఇంట్లో రాసిచ్చి వెళ్లండి. క్రాక్ ఇన్ ద వాల్ అనే రాతి పగులు మీదుగా దగ్గరిదారి ఉంది. అయితే ఆ పగుల్లో వీపు సంచిని తాడుతో దించాలి, లాగాలి. తోడు లేనివారు హరికేన్ వాష్ నుంచే తిరిగి రావడం మేలు.