పామీర్ కొండల్లో ఏది మేలు: పూర్తి నిషేధమా, వేట పర్మిట్లా, టూరిజమా?

తజికిస్తాన్ అడవి జంతువుల గురించి ఎప్పుడు రాసినా ఒకటే ప్రశ్న వస్తోంది. “ఎవరో విదేశీయుడు లక్ష డాలర్లు కట్టి ఒక మార్ఖోర్‌ని కాల్చుకుపోతే దాన్ని సంరక్షణ అంటారేమిటండీ? వేట పూర్తిగా బంద్ చేస్తే పోలా?” మార్ఖోర్ అంటే మెలి తిరిగిన కొమ్ముల కొండమేక. అడిగేవాళ్లలో దుషాంబేలో, బిష్కెక్‌లో ఎంబీబీఎస్ చదువుతున్న మన పిల్లలున్నారు, సెలవుల్లో వాళ్లు పంపిన పామీర్ హైవే ఫొటోలు చూసిన తల్లిదండ్రులూ ఉన్నారు. ఒక్కొక్కరికీ విడిగా జవాబిచ్చే బదులు, అక్కడ అమల్లో ఉన్న పద్ధతులన్నీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముందు నష్టం ఎలా జరిగిందో ఒక్క ముక్క చెప్పాలి. దేశంలో 93 శాతం కొండలే. తూర్పు పామీర్‌లోని ముర్గాబ్ 3,600 మీటర్ల ఎత్తులో ఉంది. చెట్టు మొలవదు, ఏడాదంతా కలిపినా పడే వాన చాలా తక్కువ. సోవియట్ రోజుల్లో బొగ్గు, డీజిల్ లారీల్లో వచ్చేవి. 1991 తర్వాత లారీలు ఆగిపోయాయి. 1992 నుంచి 1997 దాకా అంతర్యుద్ధం. పొయ్యి వెలగాలంటే జనానికి మిగిలింది టెరెస్కెన్ ఒక్కటే. మోకాలెత్తు కూడా రాని పొద అది. పైకి కనిపించేది నాలుగు కొమ్మలే, గట్టి కట్టె అంతా మట్టిలో ఉన్న వేరులోనే ఉంటుంది. కాబట్టి కొమ్మలు నరికితే చాలదు, వేరుతో సహా తవ్వాలి. తవ్విన పొదలు లారీకెత్తి ఇంటికి తెస్తే కాసేపట్లో మండిపోతాయి. ఆ చోట మళ్లీ అంత పొద ఎదగాలంటే దశాబ్దాలు పడుతుంది. చలికాలంలో యాక్‌లకూ, మార్కోపోలో గొర్రెలనే పెద్ద కొమ్ముల అడవి గొర్రెలకూ అదే మేత. పడమటి, దక్షిణ కొండల్లో పిస్తా తోపులు ఇలాగే పొయ్యిల్లోకి పోయాయి. మాంసం కొనే దారి లేనివాళ్లు కొండెక్కారు. యుద్ధం పుణ్యాన తుపాకులకు కొదవలేదు.

ఇక్కడొక సంగతి గమనించండి. కట్టె అవసరమూ, మాంసం అవసరమూ చలికాలంలోనే ఎక్కువ. మంచు పడ్డాక కొండమేక జాతికే చెందిన ఐబెక్స్‌లు, మార్ఖోర్‌లు మేత వెతుక్కుంటూ కిందికి దిగి ఊళ్లకు దగ్గరవుతాయి. సరిగ్గా అప్పుడే కనుమలు మూసుకుపోతాయి, ఊళ్లో చేయడానికి పనులుండవు, కొట్లో సరుకు తగ్గిపోతుంది. జంతువుకూ మనిషికీ ఏడాదిలో అత్యంత గడ్డు కాలం ఒకటే. అందుకే ఏ పద్ధతి గురించి ఎవరు చెప్పినా నేను అడిగేది ఇదే: జనవరిలో ఆ కొండ మీద కాపలా ఎవరుంటారు? ఆ నెల వాళ్ల ఇల్లు దేనితో గడుస్తుంది?

పూర్తి నిషేధం

మనవాళ్లకు మొదట తోచేది ఇదే. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత పెరిగిన తరాలకు వేట అంటే నేరం, అంతే. నాకూ మనసు మొదట అటే లాగుతుంది.

తజికిస్తాన్‌లో ఈ పద్ధతి లేకపోలేదు. తజిక్ నేషనల్ పార్కు 25 లక్షల హెక్టార్లకు పైనే ఉంటుంది, అంటే తెలంగాణలో దాదాపు నాలుగో వంతు. 2013లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. కాగితం మీద ఇంతకంటే పెద్ద రక్ష ఏముంటుంది? కానీ అంత నేలకు గార్డులు కొద్దిమంది. జీతాలు తక్కువ, బండికి పెట్రోలు కష్టం, చలికాలంలో లోపలి లోయలకు దారే ఉండదు. నా ప్రశ్నకు ఇక్కడ దొరికే జవాబు: జనవరిలో కొండ మీద ఉండేది వేటగాడొక్కడే.

నిషేధం దండగ అనడం లేదు. దక్షిణాన వఖ్ష్, పాంజ్ నదులు కలిసే చోట తిగ్రోవాయా బాల్కా అభయారణ్యం ఉంది, 1938 నాటిది. చుట్టూ పత్తి సాగు కమ్ముకుంటూ వచ్చినా, తుగాయ్ అనే నది ఒడ్డు అడవి అక్కడ మిగిలిందంటే, అందులో బుఖారా జింకలు ఇంకా తిరుగుతున్నాయంటే ఆ గీత గీసి ఉంచబట్టే. 2023లో దానికీ యునెస్కో గుర్తింపు వచ్చింది. అయితే అదే అభయారణ్యంలో కాస్పియన్ పులి 1950ల్లోనే కనుమరుగైంది. నేలను దున్నకుండా ఆపడానికి నిషేధం బాగా పనికొస్తుంది. తుపాకీని ఆపాలంటే అక్కడ మనిషి నిలబడాలి. పల్లంలో, రోడ్డు పక్కన ఉన్న అడవికి మనిషిని పెట్టగలరు. నాలుగు వేల మీటర్ల ఎత్తున ఎవరిని పెడతారు?

టూరిజం

అందరికీ నచ్చే జవాబు ఇది, చెడ్డదేమీ కాదు. ఖోరోగ్, బర్తాంగ్ లోయ, వఖాన్ వైపు ఊళ్లలో హోమ్‌స్టేలు నడుస్తున్నాయి. రాత్రి బసకూ భోజనానికీ ఇచ్చే డబ్బు నేరుగా ఆ ఇంటి ఇల్లాలి చేతికే వెళ్తుంది. మధ్యలో ఏ ఆఫీసూ ఉండదు. ఈ ఒక్క విషయంలో మిగతా పద్ధతులన్నిటికంటే ఇదే మేలు.

లోపం ఎక్కడంటే, పామీర్ హైవే మీద జనం తిరిగేది జూన్ నుంచి సెప్టెంబరు దాకా. అప్పుడు ఐబెక్స్‌లు ఎక్కడో శిఖరాల దగ్గరుంటాయి, వచ్చినవాళ్లు చూసేది రోడ్డు, సరస్సులు, కోటలు. కొండ మీద జంతువులున్నా లేకపోయినా హోమ్‌స్టే గిరాకీలో తేడా రాదు. సైకిళ్ల మీద వచ్చేవాళ్లు కరాకుల్ సరస్సు చూసి మురిసిపోతారు, పక్క లోయలో ఎన్ని ఐబెక్స్‌లు మిగిలాయో వాళ్లకు తెలియదు. పైగా ఈ రాబడి ఎప్పుడు ఆగిపోతుందో చెప్పలేం: 2020లో కోవిడ్, 2022లో పామీర్ ఉన్న గోర్నో-బదఖ్షాన్‌లో అల్లర్లు, ఆ వెంటనే పర్యాటకులకు ఆ ప్రాంతం మూసివేత.

ఊరి చేతిలో వేట పర్మిట్లు

నా మొగ్గు ఇటే. ఎందుకో వివరంగా చెప్తాను.

ఈ పద్ధతికి పేరు తెచ్చింది పాకిస్తాన్. బలూచిస్తాన్‌లోని తోర్ఘర్ కొండల్లో 1980ల మధ్య నాటికి మార్ఖోర్‌లు వందకు లోపే మిగిలాయని అంచనా. అక్కడి పఠాన్ తెగ పెద్దలు తమవాళ్ల వేట మాన్పించి, ఆ వేటగాళ్లనే కాపలాకు పెట్టుకున్నారు. ఏడాదికి ఒకటో రెండో ముసలి పోతుల్ని విదేశీ వేటగాళ్లకు అమ్మి, ఆ డబ్బుతో జీతాలిచ్చారు. ఇరవై ఏళ్లలో మంద రెండు వేలు దాటింది. 1997లో, అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందం కింద పాకిస్తాన్‌కు ఏడాదికి 6 మార్ఖోర్‌ల కోటా వచ్చింది, 2002లో అది 12 అయింది. పర్మిట్ సొమ్ములో 80 శాతం ఊళ్లకే పోవాలని అక్కడ నియమం.

తజికిస్తాన్‌లో ఇది పాంజ్ నది వెంట, అఫ్గాన్ సరిహద్దున దర్వాజ్, హజ్రతిషో కొండల్లో నడుస్తోంది. మొదలుపెట్టింది ఆ ఊళ్ల వేటగాళ్ల కుటుంబాలే. ఏ లోయలో ఏ మంద ఎప్పుడు నీళ్లకు దిగుతుందో, దొంగవేటకు వచ్చేవాడు ఏ దారిన ఎక్కి ఏ దారిన జారుకుంటాడో వాళ్లకు తెలిసినంతగా ఏ గార్డుకూ తెలియదు. చట్టబద్ధంగా పర్మిట్లు రాకముందే, రేపు వస్తాయన్న ఆశ మీదే ఏళ్ల తరబడి కాపలా కాశారు. 2012 లెక్కింపులో మార్ఖోర్‌లు వెయ్యికి పైగా కనిపించాయి, తర్వాతి లెక్కింపుల్లో ఇంకా పెరిగాయి. 2015లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) మార్ఖోర్‌ని అంతరించే ప్రమాదమున్న జాబితా నుంచి రెండు మెట్లు దించి, ‘ప్రమాదానికి చేరువలో’ ఉన్న వాటిలో చేర్చింది. వేటకు పర్మిట్లిచ్చే మంద పెరిగిన చోట మంచు చిరుతలూ దాచిపెట్టిన కెమెరాల్లో (కెమెరా ట్రాపుల్లో) కనిపించాయి. వాటిని కాపాడమని విడిగా ఎవరికీ జీతం ఇవ్వలేదు. తిండి దొరికింది, వచ్చాయి.

అసలు పని ఎలా ఉంటుందో చూడండి. మార్ఖోర్‌లు జత కట్టే కాలం నవంబరు, డిసెంబరు. విడివిడిగా తిరిగే పోతులు అప్పుడు మందలోకి వస్తాయి. కాపలాదారు తెల్లారకముందే లోయకు ఇవతలి గట్టు ఎక్కి, దూరదర్శిని (స్కోప్) నిలబెట్టుకుని, ఎదుటి కొండ చరియ మీద ఒక్కో జంతువునూ లెక్కపెడతాడు: ఆడవెన్ని, పిల్లలెన్ని, ఏ వయసు పోతులెన్ని. పోతు కొమ్ము మీద ఏటా ఒక వలయం పడుతుంది కాబట్టి వయసు చెప్పడం కుదురుతుంది. అలా ఎంచిన ముసలి పోతు దగ్గరికే డబ్బు కట్టిన వేటగాణ్ని తీసుకెళ్తారు. అతను వచ్చేది కూడా ఆ చలి నెలల్లోనే. నా ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరికింది. జంతువులు కిందికి దిగే కాలమూ, ఊరికి డబ్బు అవసరమైన కాలమూ, కొండ మీద కాపలా ఉండే కాలమూ ఒకటే అయ్యాయి. మన నల్లమలలోనూ పులుల కాపలాకు బేస్ క్యాంపుల్లో చెంచుల్నే పెట్టుకున్నారు. అక్కడ జీతం అటవీశాఖ ఇస్తుంది, ఇక్కడ మంద ఇస్తుంది.

అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. చంపడం చంపడమే, ముసలిదైనా. అందుకు మనసొప్పనివాళ్లకు ఈ లెక్కలేవీ రుచించవు, వాళ్లని తప్పుపట్టను. ఇంకొకటి, ఇదే వేట ప్రైవేటు చేతుల్లో పడితే ఫలితం వేరుగా ఉంటుంది. తూర్పు పామీర్‌లో మార్కోపోలో గొర్రెల వేట చాలావరకు ప్రైవేటు కంపెనీల క్యాంపుల్లో జరుగుతుంది. క్యాంపు చుట్టుపక్కల మందలు బాగానే ఉంటాయి, కాపలా కూడా ఉంటుంది. కానీ దూరపు ఊరికి దక్కేది నాలుగు ఉద్యోగాలు మించదు. ఆ ఊరివాడికి గొర్రె కనబడితే కంపెనీవాళ్ల గొర్రె అనే అనిపిస్తుంది, తనది అనిపించదు. అందుకే పర్మిట్లన్నిటినీ ఒకే గాటన కట్టి సమర్థించను. ఊరి సంఘం పేరు మీద ఉందా, సొమ్ము ఎంత వచ్చిందో దేనికి ఖర్చయిందో ఊరికి తెలుస్తోందా, లెక్కింపుకు బయటివాళ్లను రానిస్తున్నారా, ఈ మూడూ చూడాలి. మూడిట్లో ఏది లేకపోయినా నా ఓటు పడదు.

పర్మిట్లు ఆపలేని సంగతులూ ఉన్నాయి. 2010లో పెంపుడు మేకలకు వచ్చే ఊపిరితిత్తుల జబ్బులాంటిదే సోకి అరవైకి పైగా మార్ఖోర్‌లు చచ్చిపోయాయి. మేకలూ మార్ఖోర్‌లూ ఒకే గడ్డి, ఒకే నీటిచెలమ పంచుకుంటున్నంత కాలం ఆ భయం ఉంటుంది. ఎంత పర్మిట్ సొమ్ము వచ్చినా మేకలకు పశువైద్యుడు కావాల్సిందే.

మిగతావి

గొర్రెల దొడ్డికి పైన ఇనప వల బిగించడం: మంచు చిరుత కప్పు కంత లోంచి దూకి ఒక్క రాత్రిలో పదుల గొర్రెల్ని చంపితే ఆ కుటుంబం విషం పెట్టకుండా ఎలా ఉంటుంది? ఖర్చు తక్కువ, అన్నిచోట్లా చేయాల్సిందే, పోలిక అక్కర్లేదు. అటవీ భూమిని 20 ఏళ్ల ఒప్పందం మీద కుటుంబాలకు అప్పగించి చెట్లు పెంచుకోనిచ్చే పద్ధతి కూడా పడమటి లోయల్లో బాగానే సాగుతోంది. చెట్లకు మంచిదే, కొమ్ముల జంతువులకు దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు.

టెరెస్కెన్ మాటేమిటని కొందరు అడిగారు. పైన చెప్పిన మూడు పద్ధతుల్లో ఏదీ దానికి నేరుగా పనికిరాదు. ముర్గాబ్‌లో నాకు డబ్బిచ్చి ఖర్చుపెట్టమంటే మొదట ఇళ్ల గోడలకూ కప్పులకూ చలి ఆపే పొరలు వేయిస్తాను, తక్కువ కట్టెతో ఎక్కువ వేడినిచ్చే పొయ్యిలు పెట్టిస్తాను. గొర్రెకు మేత మిగలాలంటే పొయ్యిలోకి పోయేది తగ్గాలి.

ఇక దుషాంబే పిల్లలకు. వేట మీకు ఇష్టం లేకపోతే, ఆ ఊళ్ల రాబడిలో వేట వాటా తగ్గించే దారి మీ చేతిలో కొంత ఉంది. పామీర్‌కు జులైలో అందరూ వెళ్తారు. మీరు నవంబరు ఆఖర్లో కులోబ్ మీదుగా దష్తిజుమ్ వైపు వెళ్లండి. మార్ఖోర్‌లు జత కట్టే కాలం అది, పోతుల కొమ్ములు ఢీకొనే చప్పుడు లోయకు ఇవతలి దాకా వినిపిస్తుంది. ఊరి సంఘం కాపలాదారును వెంటబెట్టుకుని, స్కోప్‌లో చూసి, వాళ్లింట్లోనే బస చేసి, డబ్బు వాళ్ల చేతికే ఇవ్వండి. సరిహద్దు ప్రాంతం కాబట్టి అనుమతి కాగితాలు బయల్దేరేముందే చూసుకోండి. చలి బట్టలు రెండు జతలు ఎక్కువే పెట్టుకోండి.