గాత్రం మైకును రెండు చోట్లకు పంపడం: వై-కేబుల్, ట్రాన్స్‌ఫార్మర్ స్ప్లిటర్, డిజిటల్ పంపకంలో ఏది మేలు?

బృందం తన ఇన్-ఇయర్ మిక్సర్‌ను తానే వెంట తెచ్చుకునేటప్పుడు, గాయకుల మైకుల నుంచి వచ్చే సిగ్నల్ ఏకకాలంలో రెండు చోట్లకు చేరవలసి ఉంటుంది. ఒకటి శ్రోతల స్పీకర్లను నడిపే హాలు మిక్సర్, రెండోది గాయకుల చెవులకు శబ్దం పంపే బృందపు మిక్సర్. వాద్యాల విషయంలో చిన్న లోపాలు వినిపించినా కార్యక్రమం సాగిపోతుంది. గాయకుడికి మాత్రం తన గొంతు చెవిలో చెడితే శ్రుతి పట్టుకోవడమే కష్టమవుతుంది. అందువల్ల ఈ పోలికను గాత్రం మైకులకే పరిమితం చేస్తున్నాను.

అసలు చీల్చడం ఎందుకు, హాలు మిక్సర్ నుంచే ఆక్స్ లైన్లు (విడి మిక్స్‌ను బయటకు పంపే అవుట్‌పుట్‌లు) తీసుకోవచ్చు గదా అన్న ప్రశ్న న్యాయమైనదే. వేదిక ఎప్పుడూ ఒకటే అయి, మిక్సర్ ముందు కూర్చునే వ్యక్తి కూడా బృందానికి తెలిసినవారైతే అదే సులువైన మార్గం, అక్కడ స్ప్లిటర్ కొనవలసిన పని లేదు. కాని కొత్త హాలుకు వెళ్లిన ప్రతిసారీ చెవి మిక్స్‌ను మొదటి నుంచి కట్టుకోవలసి వస్తుంది. ఆక్స్‌ను ప్రీ-ఫేడర్‌గా, అంటే హాలు ఫేడర్ ప్రభావం పడకుండా, పెట్టినా గెయిన్ (మైకు సిగ్నల్‌ను మొదట పెంచే మోతాదు) మాత్రం ఉమ్మడిదే కనుక, హాలులో ఎవరైనా గెయిన్ తిప్పితే ఆ మార్పు నేరుగా గాయకుడి చెవిలోకి వెళుతుంది. చాలా మిక్సర్లలో ఈక్వలైజర్, కంప్రెసర్ ప్రభావం కూడా ఆక్స్‌పై పడుతుంది. తన చెవి ఇతరుల చేతిలో ఉండకూడదని కోరుకునే బృందమే స్ప్లిట్ వైపు వస్తుంది.

అన్నిటికంటే చవకైనది వై-కేబుల్. ఒక మైకు లైనును రెండు కొనలుగా కలిపి రెండు మిక్సర్లకు పంపుతారు. దీనివల్ల ధ్వని బలహీనపడి పలచబడుతుందని తరచు వినిపించే మాట లెక్కకు నిలవదు. సుమారు 300 ఓమ్‌ల ఇంపీడెన్స్ (విద్యుత్ అవరోధం) ఉన్న డైనమిక్ మైకును (బయటి విద్యుత్ అక్కరలేని మైకు) 2,400 ఓమ్‌ల ప్రీయాంప్‌కు (మిక్సర్‌లో మైకు సిగ్నల్‌ను పెంచే భాగం) కలిపితే ఒక డెసిబెల్ తగ్గుతుంది. అలాంటి ప్రీయాంప్‌లు రెండు సమాంతరంగా ఉంటే లోడు 1,200 ఓమ్‌లకు దిగి, నష్టం రెండు డెసిబెల్‌ల దగ్గరకు వస్తుంది. అంటే చీల్చినందుకు అదనంగా పోయేది ఒక్క డెసిబెల్ మాత్రమే, దానిని గెయిన్ నాబ్‌తో తెచ్చుకోవచ్చు. పొడవైన కేబుల్ వల్ల పై పౌనఃపున్యాలు పోతాయన్న భయమూ ఇటువంటిదే. మీటరుకు 100 పీకోఫారడ్‌ల చొప్పున మొత్తం వంద మీటర్ల కేబుల్ ఉన్నా, ఆ మైకుతో కోత మొదలయ్యేది 50 కిలోహెర్ట్జ్‌లకు పైన, అది మన చెవి పరిధికి బయటే.

వై-కేబుల్ అసలు బలహీనత గ్రౌండ్‌లోనూ ఫాంటమ్ పవర్‌లోనూ (మైకు కేబుల్ గుండానే మిక్సర్ మైకుకు పంపే విద్యుత్) ఉంది. రెండు మిక్సర్లు వేర్వేరు విద్యుత్ సాకెట్ల నుంచి పనిచేస్తుంటే, వై-కేబుల్‌లోని ఒకటో పిన్ను (గ్రౌండ్ తీగ) ఆ రెండు గ్రౌండ్‌లనూ కలిపేసి లూప్ ఏర్పరుస్తుంది, దానితో విద్యుత్ హమ్ రెండు వ్యవస్థలలోనూ వినిపించవచ్చు. ఒక కొనలో ఒకటో పిన్ను తీగను విప్పి లూప్‌ను తెంచవచ్చు, అయితే ఆ వైపు నుంచి ఫాంటమ్‌కు తిరుగు మార్గం ఉండదు కనుక ఫాంటమ్‌పై ఆధారపడే కండెన్సర్ మైకులకు శక్తి మరో వైపు నుంచే అందాలి. ఏ సందర్భంలోనూ పరికరాల మెయిన్స్ ఎర్త్‌ను మాత్రం తొలగించకూడదు, అది ప్రాణాపాయం. రెండో సమస్య ఇంకా సూటిగా చెవికే తగులుతుంది. నేను సహాయం చేసిన ఒక కార్యక్రమంలో సౌండ్ చెక్ నడుస్తుండగా హాలు మిక్సర్‌లో 48 వోల్టుల ఫాంటమ్ ఆన్ చేశారు. వై-కేబుల్ గుండా ఆ కుదుపు బృందపు మిక్సర్‌లోకి దూకి, గాయని చెవిలో పెద్ద చప్పుడుగా పేలింది. ఆమె వెంటనే ఇయర్‌పీస్ లాగేసుకున్నారు, ఆ సాయంత్రమంతా భయం వీడలేదు. ఆ రోజు నుంచి, శబ్దం ఒక హద్దు దాటకుండా ఆపే లిమిటర్ లేని ఇన్-ఇయర్ గొలుసును నేను అంగీకరించడం లేదు. లిమిటర్ ఉన్నా సరే, చప్పుడును మూలంలోనే ఆపగలిగితే అదే ఉత్తమం.

ట్రాన్స్‌ఫార్మర్ స్ప్లిటర్ తన ఖరీదుకు తగిన పని చేసేది సరిగ్గా ఈ రెండు చోట్లే. దానిలో మైకు నుంచి నేరుగా సాగే డైరెక్ట్ అవుట్‌పుట్ ఒకటి, ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ దాటి వచ్చే ఐసోలేటెడ్ అవుట్‌పుట్ ఒకటి ఉంటాయి. ఐసోలేటెడ్ వైపు గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కితే రెండు మిక్సర్ల మధ్య తీగ ద్వారా ఉన్న గ్రౌండ్ సంబంధం తెగిపోతుంది, సిగ్నల్ మాత్రం అయస్కాంత క్షేత్రం ద్వారా దాటుతుంది. ఫాంటమ్ విషయంలో దీని పనితీరు చక్కగా ఉంటుంది. ఫాంటమ్, సిగ్నల్ మోసే రెండో, మూడో పిన్నులపై ఒకే వోల్టేజ్‌గా వస్తుంది కాబట్టి వైండింగ్ రెండు కొనల మధ్య తేడా ఉండదు, ఆవలి పక్కకు దాటేదీ దాదాపు ఏమీ ఉండదు. హాలులో ఎవరు ఎప్పుడు ఫాంటమ్ నొక్కినా గాయకుడికి పెద్దగా తెలియదు. బాస్ డ్రమ్ వంటి బలమైన తక్కువ స్వరాల దగ్గర చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు సాచురేట్ అవుతాయన్న (మోయలేక ధ్వనిని వికృతం చేస్తాయన్న) విమర్శ సరైనదే, కాని గాత్రం ఆ స్థాయికి వెళ్లడం అరుదు.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నంత మాత్రాన ఒక వైపు లోపం రెండో వైపుకు పాకదని అనుకోవడం తప్పు. ఐసోలేటెడ్ కొనలో రెండో, మూడో పిన్నులు షార్ట్ అయితే ఆ భారం వైండింగ్ గుండా తిరిగి మైకుపైనే పడి, రెండు చోట్లా శబ్దం పడిపోవచ్చు. ఆ రక్షణ నిజంగా ఇచ్చేది ప్రతి అవుట్‌పుట్‌కూ విడి ఆంప్లిఫయర్ ఉన్న యాక్టివ్ స్ప్లిటర్ మాత్రమే. దానికి విద్యుత్ కావాలి, విద్యుత్ పోతే అన్ని గాత్రాలూ ఒక్కసారిగా పోతాయి. నాలుగైదు మైకుల బృందానికి అంత బరువు అక్కరలేదని నా అభిప్రాయం.

డైరెక్ట్ కొనను ఎవరికి ఇవ్వాలన్న దానిపై భిన్నాభిప్రాయాలున్నాయి. హాలు నిర్వాహకులు దానిని తమకే ఇవ్వాలని కోరడం సహజం. పాడే మైకులన్నీ డైనమిక్ అయితే ఎవరికి ఇచ్చినా ఒకటే. కండెన్సర్ మైకు ఉంటే మాత్రం డైరెక్ట్ కొన బృందపు మిక్సర్‌కే రావాలని నేను పట్టుబడతాను, ఎందుకంటే ఫాంటమ్ ఎప్పుడు ఆన్, ఎప్పుడు ఆఫ్ అన్న నిర్ణయం ఇయర్‌పీస్ పెట్టుకున్నవారి పక్షాన ఉండాలి.

వైర్‌లెస్ మైకులు వాడేవారు స్ప్లిటర్ కొనే ముందు రిసీవర్ వెనుక భాగం చూడాలి. చాలా రిసీవర్లలో ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల మైకు కనెక్టర్) అవుట్‌పుట్‌తో పాటు పావు అంగుళం జాక్ అవుట్‌పుట్ కూడా ఉంటుంది. రెండూ ఒకేసారి పనిచేస్తాయని మాన్యువల్‌లో నిర్ధారించుకుని, ఒకటి హాలుకు, ఒకటి మన మిక్సర్‌కు ఇస్తే ఖర్చు లేకుండానే చీలిక పూర్తవుతుంది. రెండింటి స్థాయిలు వేరుగా ఉండవచ్చు, గ్రౌండ్ మాత్రం ఒకటే. హమ్ వస్తే ఒక కొనలో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవాలి.

డిజిటల్ పంపకంలో, వేదికపై మైకులను కలిపే స్టేజ్ బాక్స్‌లోని ఒకే ప్రీయాంప్ డేటాను డాంటే లేదా ఏఈఎస్50 అనే డిజిటల్ ఆడియో పద్ధతిలో కేబుల్ ద్వారా రెండు మిక్సర్లూ తీసుకుంటాయి. తీగల చిక్కు ఉండదు, హమ్ సమస్య కూడా ఉండదు. అయితే ప్రీయాంప్ ఒక్కటే కావడంతో ఆక్స్ పద్ధతిలోని ఉమ్మడి గెయిన్ సమస్య మళ్లీ ముందుకు వస్తుంది. యమహా సీఎల్, క్యూఎల్ మిక్సర్లలోని గెయిన్ కాంపెన్సేషన్ వంటి సదుపాయం మార్పును డిజిటల్‌గా సరిచేస్తుంది, కాని ప్రీయాంప్ వద్ద సిగ్నల్ క్లిప్ అయితే (హద్దు దాటి వికృతమైతే) రెండు చోట్లా క్లిప్పే వినిపిస్తుంది. ఆలస్యాన్ని కూడా గమనించాలి. గాయకుడు తన గొంతును ఎముకల ద్వారా ఆలస్యం లేకుండానే వింటాడు. ఇయర్‌పీస్‌లో అదే గొంతు ఆలస్యంగా వస్తే రెండూ కొన్ని పౌనఃపున్యాల దగ్గర ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి: 1 మిల్లీసెకను ఆలస్యమైతే 500 హెర్ట్జ్ దగ్గర, 3 మిల్లీసెకన్లు అయితే 167 హెర్ట్జ్ దగ్గర మొదటి కోత పడి, స్వరం బోలుగా అనిపిస్తుంది. డాంటే సాధారణ అమరికలో ఒక మిల్లీసెకను తీసుకుంటుంది, మిక్సర్ ఆలస్యం దానికి అదనం. డిజిటల్ వైర్‌లెస్ మైకు కూడా ఉంటే ఈ మొత్తాన్ని ముందే లెక్కించుకోవాలి.

హాలు మారుతూ పాడే బృందానికి గాత్రం చానళ్ల వరకైనా ట్రాన్స్‌ఫార్మర్ స్ప్లిటర్‌నే నేను సూచిస్తాను. రెండు మిక్సర్లూ బృందానివే అయి, వాటిని నడిపేవారు పక్కపక్కనే కూర్చునే పరిస్థితిలో డిజిటల్ పంపకం మేలు. వై-కేబుల్‌ను రిహార్సల్ గదిలో, ఒకే సాకెట్ నుంచి విద్యుత్ తీసుకునే రెండు మిక్సర్ల మధ్య, డైనమిక్ మైకులతో వాడుకోవచ్చు. ఏది ఎంచుకున్నా, ఇయర్‌పీస్‌లు ఎవరి చెవిలోనూ లేనప్పుడు బృందపు మిక్సర్ మీటర్లను చూస్తూ, హాలు వైపు ఫాంటమ్‌ను ఆన్ చేసి, ఆఫ్ చేసి, చివరకు ఆ వైపు కేబుల్‌ను పీకి, తిరిగి పెట్టించండి. ఆ సమయంలో మీటరు ఎగిరితే, అమరికను సరిచేసేవరకు గాయకులకు ఇయర్‌పీస్‌లు ఇవ్వకండి.