స్వివెల్ గ్రీజు పౌచ్‌లు కొనేవాళ్ళు జాగ్రత్త, లోపల ఉన్నది మామూలు బేరింగ్ గ్రీజు

ఇప్పుడే ఫ్రంట్ యాక్సిల్ విప్పించి వచ్చాను, చేతులు కూడా సరిగ్గా కడుక్కోలేదు, కోపంలో రాస్తున్నా, అక్కడక్కడా తప్పులుంటే సర్దుకోండి.

ఆ సెల్లర్ ఎవరో పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్, డిస్కవరీ నడిపేవాళ్ళలో సగం మందికి తెలుసు, పేరు రాయడం లేదు. అతని దగ్గర స్వివెల్ గ్రీజు పౌచ్‌లు రెండు తీసుకున్నా, పక్కకొకటి. స్వివెల్ అంటే ముందు చక్రం పక్కకి తిరిగే చోట యాక్సిల్ చివర ఉండే బంతి లాంటి హౌసింగ్, చక్రాన్ని తిప్పే సీవీ జాయింట్ దాని లోపలే ఉంటుంది. వన్ షాట్, అంటే ఒక పౌచ్ ఒక స్వివెల్‌కి సరిపోతుంది అన్నాడు, కవర్ మీద ఎస్‌టీసీ3435 అని పార్ట్ నంబర్ కూడా ఉంది. మెకానిక్ పౌచ్ మూల కోసి ఫిల్లర్ ప్లగ్ లోంచి పిండుతుంటే దిగట్లేదు, ఇది ఇంత గట్టిగా ఉండదే అని అతనే అన్నాడు. అక్కడి నుంచే సెల్లర్‌కి ఫోన్ చేశా. "కొత్త బ్యాచ్ సార్, బండి నడిస్తే వేడికి కరిగి అదే సర్దుకుంటుంది" అన్నాడు. ఈ ఒక్క మాటే నన్ను ముంచింది. లిథియం గ్రీజు కరగాలంటే 180 డిగ్రీల దరిదాపుల్లోకి వెళ్ళాలి, స్వివెల్ హబ్‌లో అంత వేడి ఎక్కడి నుంచి వస్తుంది? పార్టులు అమ్మి బతికే మనిషికి ఇది తెలియదంటే నేను నమ్మను. తెలిసే అన్నాడు.

తర్వాత ఫుల్ కటింగ్ కొడితే ఎడమ వైపు టకటకమని శబ్దం మొదలైంది. స్టబ్ యాక్సిల్ ఊడదీసి షాఫ్ట్ బయటికి లాగితే, వేసిన గ్రీజు వేసినట్టే ఉంది. హౌసింగ్ గోడకి దట్టంగా అతుక్కుపోయి, మధ్యలో సీవీ జాయింట్ తిరిగినంత మేర నున్నగా గుండ్రటి గుంత పడింది. జాయింట్ మీద మాత్రం చుక్క గ్రీజు లేదు. గుండ్ల మధ్య తుప్పు రంగు పొడి, కేజ్ మీద నీలం మచ్చలు, గుండ్లు తిరిగే గాడుల్లో వేలు పెడితే గరుకుగా గుంటలు తగులుతున్నాయి. హౌసింగ్ పక్కకి తిరగడానికి ఇరుసులా ఉండే పై స్వివెల్ పిన్ దగ్గర పూర్తిగా ఎండిపోయి ఉంది. గ్రీజు రంగేమో లేత పసుపు. అసలు పౌచ్‌లో వచ్చేది మోలీ (మాలిబ్డినం డైసల్ఫైడ్) కలిసిన నల్లటి గ్రీజు, తేనెలా జారుతుంది. ఖాళీ కవర్‌లో కోయకుండా మిగిలిన అంచు చూస్తే ఒకసారి అతికించిన గీత పక్కనే ఇంకో గీత, మళ్ళీ వేడి చేసి సీల్ వేశారు.

ఫొటోలు పంపి ఫోన్ చేశా. డబ్బు కట్టేదాకా సార్, అన్నా అన్న మనిషి ఫోన్ ఎత్తగానే "ఏంటయ్యా మళ్ళీ" అన్నాడు. జాయింట్ పోయింది, లోపల 2 నంబర్ బేరింగ్ గ్రీజు, అంటే గట్టి రకం ఉంది అని చెప్తే "గ్రీజు గ్రీజే కదా, నీ స్వివెల్ కారుతోందన్నావ్, చిక్కటిది వేస్తే కారదు, నీకు మేలే చేశా, అంత తెలిసినోడివైతే నువ్వే తయారు చేసుకో" అని కట్ చేశాడు. నంబర్ బ్లాక్. నష్టం సంగతి తర్వాత, మేలు చేశానన్న ఆ మాట చెవిలో తిరుగుతూనే ఉంది. అంటే పౌచ్‌లో ఏముందో అతనికి ముందే తెలుసు.

గ్రీజు గ్రీజే అనే మాట ఇంకెవరైనా మీతో అంటే వినకండి. ఈ హౌసింగ్‌లలో మొదట పోసింది ఈపీ 90, మన 90 నంబర్ గేర్ ఆయిల్, దానికి ఫిల్లర్, లెవెల్, డ్రెయిన్ ప్లగ్‌లు ఉండేవి. సీల్ దగ్గర కారడం ఎక్కువని తర్వాత జారే గ్రీజుకి మారారు. ఆయిలైనా ఆ గ్రీజైనా చేసే పని ఒకటే, జాయింట్ తిరుగుతూ దాన్ని చిమ్ముతుంది, అది పైకెళ్ళి పిన్‌ని తడిపి మళ్ళీ జాయింట్ మీదికే దిగుతుంది. దిగని గ్రీజు వేస్తే మొదటి తిప్పులకే పక్కకి తోసుకుపోతుంది, ఇక తిరిగి రాదు. గ్రేడ్ కొలిచే పద్ధతిలో 25 డిగ్రీల దగ్గర జారే రకమైన 00 గ్రీజులోకి కోను 40 నుంచి 43 మిల్లీమీటర్లు దిగితే, 2 నంబర్‌లోకి 26.5 నుంచి 29.5 మాత్రమే, తేడా మీరే చూడండి. టయోటా ల్యాండ్ క్రూజర్ 80 వాళ్ళు 2 నంబర్ మోలీ గ్రీజే వాడతారుగా అని అడగొచ్చు, వాడతారు, కానీ అక్కడ జాయింట్ బయటికి తీసి గుండ్ల మధ్యకి చేత్తో కుక్కి బిగిస్తారు. ప్లగ్ లోంచి పిండి వదిలేసే పని కాదది.

ఇక కారడం గురించి. అది గ్రీజు చిక్కదనంతో తీరేది కాదు, స్వివెల్ క్రోమ్ బంతి మీద తుప్పు గుంటలు పడితే అవి సీల్ పెదవిని కోసేస్తాయి, బంతి, సీల్ మార్చాల్సిందే. స్వివెల్‌లో సరుకు పలచబడి నిండుగా ఉండి, అదే సమయంలో డిఫరెన్షియల్‌లో ఆయిల్ తగ్గి ఉంటే లోపలి యాక్సిల్ సీల్ పోయినట్టు, అప్పుడు ఎంత మంచి గ్రీజు వేసినా గేర్ ఆయిల్ కలిసి పాడవుతుంది. పాలలా తెల్లబడి ఉంటే నీళ్ళు వెళ్ళాయి.

కొనేటప్పుడు ఒక్క పౌచ్ మీ చేతుల్లో వంచి చూడండి, లోపలి సరుకు అటూ ఇటూ కదలాలి. రెండో సీల్ గీత కనపడితే తిరిగిచ్చేయండి. ఇతని దగ్గర కొని ఇప్పటికే వేయించినవాళ్ళు శబ్దం వచ్చేదాకా ఆగకండి, ఫిల్లర్ ప్లగ్ తీసి వైరు ముక్క ముంచండి, పసుపు రంగు ముద్ద అతుక్కుని వస్తే స్వివెల్ విప్పించి మొత్తం తుడిపించండి, దాని మీదే మంచిది పోసి సరిపెట్టొద్దు, గోడకి అంటుకున్న ముద్ద అలాగే ఉండి కొత్తదాన్ని కూడా పట్టేస్తుంది. కుడి వైపుది రేపు విప్పిస్తున్నా, ఆ కవర్ల ఫొటోలు కావాలంటే అడగండి, పంపిస్తా.