సీఆర్‌టీ (పాతకాలం ట్యూబ్ మానిటర్) ఉంటే గ్రూవీమేమ్ పెట్టుకోండి

ఆర్కేడ్ గేమ్స్ కోసం ఉచితంగా దొరికే ఎమ్యులేటర్లలో (పాత గేమ్ మెషీన్లని కంప్యూటర్‌లో నడిపే ప్రోగ్రాముల్లో) నాకు గ్రూవీమేమ్ అంత నచ్చింది ఇంకోటి లేదు, కాకపోతే సెటప్‌కి ఓపిక కావాలి. ఇందులోని స్విచ్‌రెస్ అనే భాగం ఒక్కో గేమ్‌కి దాని అసలు రిజల్యూషన్, రిఫ్రెష్ రేటే (సెకనుకి బొమ్మ ఎన్నిసార్లు గీస్తుందో ఆ లెక్క) మానిటర్‌కి పంపిస్తుంది, అంటే ఆర్-టైప్ 55 హెర్ట్జ్ దగ్గర, మోర్టల్ కొంబాట్ 54.7 దగ్గర నడుస్తాయి, అన్నిటినీ 60కి లాగితే స్క్రోలింగ్‌లో వచ్చే ఆ కుదుపు అస్సలు ఉండదు. ఎంత బాగుంటుందో!

విండోస్‌లో అయితే ఏఎండీ రేడియన్ కార్డు, సీఆర్‌టీ ఎముడ్రైవర్ (ఆ కార్డుకి వేసే ప్రత్యేక డ్రైవర్) పెట్టుకోండి. షేడర్లు (పాత స్క్రీన్‌లా కనిపించేలా చేసే ఎఫెక్టులు) ఆపేయండి, స్కాన్‌లైన్లు (బొమ్మలో కనిపించే సన్నటి అడ్డగీతలు) ట్యూబే ఇస్తుంది. మానిటర్ ప్రీసెట్ మాత్రం జాగ్రత్త: 15 కిలోహెర్ట్జ్‌ది (ఇది సెకనుకి ఎన్ని అడ్డగీతలు గీస్తుందో ఆ లెక్క) ఆ వేగానికి చేసిన ఆర్కేడ్ మానిటర్లకీ, సీఆర్‌టీ టీవీలకీ. మామూలు వీజీఏ మానిటర్లు దాదాపు 31 నుంచే మొదలవుతాయి, వాటికి 15 పంపితే బొమ్మ నిలబడదు, కొన్ని పాత మోడళ్లు పాడైపోవచ్చు కూడా.