ఏటికొప్పాక లక్కబొమ్మలు: ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఏడు నెలల వాడకం

మొన్న సంక్రాంతి సెలవుల్లో తుని నుంచి విశాఖపట్నం తిరిగి వస్తూ, ఎలమంచిలికి కాస్త ముందు జాతీయ రహదారి దిగి, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకకు వెళ్లి పిల్లలకు లక్కబొమ్మలు కొన్నాము. అప్పటికి అమ్మాయికి నాలుగేళ్లు, బాబుకు తొమ్మిది నెలలు. కొన్నవి నాలుగు రకాలు: 140 రూపాయలకు ఒక గిలక్కాయ, ఒక్కొక్కటి 40 చొప్పున ఐదు బొంగరాలు, 550 రూపాయలకు లక్కపిడతల సెట్టు, 450 రూపాయలకు తాడు కట్టి లాగే ఏనుగు బండి. మొత్తం 1,340 రూపాయలు. ఈ ఏడు నెలల్లో అవి ఎంత నిలిచాయో, ఏది ఏ వయసుకు పనికివచ్చిందో, ఎక్కడ నా పొరపాటు ఉందో, ఎక్కడ తయారీలోనే లోపం ఉందో వివరంగా చెబుతాను. ఈ బొమ్మల అందం గురించి రాసినవారు చాలామందే ఉన్నారు కానీ, పళ్లు వస్తున్న పిల్లవాడు వాటిని ఏం చేస్తాడో రాసినవారు నాకు కనిపించలేదు.

అన్నిటికంటే ఎక్కువ పని చేసింది లక్కపిడతల సెట్టు. పొయ్యి, కుండ, మూకుడు, బిందె, చెంబు, గరిటె, రోలు, రోకలి, తిరగలి, రెండు గ్లాసులు, మూతతో కూడిన ఒక డబ్బా, రెండు కప్పులు ఇందులో ఉన్నాయి. పెట్టె విప్పిన రోజున మా అమ్మాయికి తిరగలి ఏమిటో తెలియలేదు. పై రాయి, కింది రాయి, ఒక పిడి ఉన్న ఆ వస్తువును చూసి మిక్సీ అనుకుని, ప్లగ్గు ఎక్కడ ఉందని అడిగింది. అత్తయ్యగారు పక్కన కూర్చుని, తమ చిన్నతనంలో కందులు ఎలా విసిరేవారో చూపించాక మారీ బిస్కట్టు ముక్కలు వేసి తిప్పడం మొదలుపెట్టింది. ఆ పిండి తుడుచుకోవడం నా వంతయింది. అది వేరే సంగతి. అప్పటి నుంచి రోజూ సాయంత్రం మావయ్యగారికి ఖాళీ కప్పులో టీ ఇవ్వడం, ఆయన తాగబోతే "వేడిగా ఉంది తాతయ్యా, ఊదుకో" అని ఆపడం, ఆయన ఊదుకుని తాగి "పంచదార ఎక్కువైంది" అనడం, ఆమె కప్పు వెనక్కి తీసుకుని మళ్లీ కలపడం మా ఇంట్లో జరిగిపోతున్నాయి. అదే నాకు రాత్రి వంటకు దొరికే ఇరవై నిమిషాలు. బ్యాటరీతో నడిచే బొమ్మ ఏదీ మా అమ్మాయిని ఇరవై నిమిషాలు ఒకచోట కూర్చోబెట్టలేదు. ఎందుకంటే ఆ బొమ్మ తన ఆట తానే ఆడుకుంటుంది, పిల్లకు చూడడం తప్ప వేరే పని మిగలదు.

గిలక్కాయ విషయంలో నా అభిప్రాయం అంత ఏకపక్షంగా లేదు. శబ్దం మెత్తగా, వినసొంపుగా ఉంటుంది. బంధువులు బారసాలకు ఇచ్చిన పాటల ఫోను తెల్లవారుజామున ఐదింటికి దానంతట అదే మోగి ఇల్లంతా లేపిన అనుభవం ఉన్నవారికి దీని విలువ తెలుస్తుంది. పట్టుకునే పిడి చిన్న పిడికిలికి సరిగ్గా సరిపోయింది. అయితే తొమ్మిది నెలల పిల్లవాడికి చెయ్యి ఊపడం తెలుసు గానీ ఆపడం తెలియదు. రెండో రోజే నుదుటికి కొట్టుకుని, ఉసిరికాయంత బొప్పి కట్టించుకున్నాడు. ఈ బొమ్మలు చేసే అంకుడు కర్ర తేలికైనదే అయినా కర్ర కర్రే. అందుచేత పడుకోబెట్టినప్పుడు గిలక్కాయ చేతికి ఇవ్వడం మానేసి, కూర్చున్నప్పుడు మాత్రమే, ఎవరైనా పక్కన ఉన్నప్పుడే ఇచ్చాము. ఏడాది దాటాక ఆ ఇబ్బంది తీరింది. ఇప్పుడు దానితో స్టీలు పళ్లాన్ని వాయిస్తున్నాడు కాబట్టి మెత్తటి శబ్దం అన్న మాట కింది ఇంటివారి దగ్గర చెల్లదు.

ఈ బొమ్మలు ఎలా తయారవుతాయో చూసిన తర్వాతనే వాటిని ఎలా వాడుకోవాలో నాకు సగం అర్థమయింది. మిగిలిన సగం నష్టపోయాక తెలిసింది. ఎండిన అంకుడు కర్రను లేతు మిషను మీద తిప్పుతూ ఉలితో రూపం తీస్తారు. రంగు కలిపిన లక్కను కర్రలాగా చేసి పెట్టుకుని, తిరుగుతున్న బొమ్మకు దానిని గట్టిగా ఆనిస్తారు. రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి చెక్కకు పట్టేస్తుంది. పైన మొగలి ఆకుతో ఒత్తితే ఆ మెరుపు వస్తుంది. కుంచె పని దాదాపు ఉండదు. పసుపు కొమ్ముల నుంచి పసుపు రంగు, నీలి మొక్క నుంచి నీలం, జాఫ్రా గింజల నుంచి నారింజ ఎరుపు వస్తాయి. రసాయన రంగులకు అలవాటుపడిన ఊరిని తిరిగి ఈ ప్రకృతి రంగుల వైపు మళ్లించడంలో ఆ ఊరి కళాకారుడు సి.వి.రాజు గారి కృషి పెద్దది. ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, 2025 గణతంత్ర దినోత్సవాన ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగినవీ ఇవే. మా ఇంట్లో వాటి ఊరేగింపు సాధారణంగా మంచం కింద ముగుస్తుంది.

వేడికి కరిగి పట్టిన పూత మళ్లీ వేడి తగిలితే మెత్తబడుతుందన్న సంగతి నాకు తట్టకపోవడం నా తప్పే. మే నెలలో ఒక ఆదివారం ఏనుగు బండిని పాత పేపరులో చుట్టి కారు వెనక అద్దం కింద పెట్టి, రెండు గంటల పాటు కారును ఎండలో వదిలేశాము. తిరిగివచ్చి చూస్తే పేపరు ఏనుగు వీపుకు అతుక్కుపోయి ఉంది. మెల్లగా ఊడదీశాక, పసుపు రంగు మీద పేపరులోని అక్షరాలు తిరగబడి అచ్చయి కనిపించాయి. ఏదో ఇళ్ల స్థలాల ప్రకటన అది. అమ్మాయి మొదట ఏడ్చింది, తర్వాత ఏనుగుకు చదువు వచ్చిందని అందరికీ చెప్పుకుంది. ఆ అచ్చు ఇప్పటికీ అలాగే ఉంది.

రెండో పొరపాటు ఇంకా పెద్దది. జూలైలో అమ్మాయికి వైరల్ జ్వరం వచ్చినప్పుడు, తమ్ముడికి అంటుకుంటుందేమోనన్న భయంతో బొమ్మలన్నిటినీ శానిటైజరు ముంచిన దూదితో తుడిచాను. రెండు నిమిషాల్లో దూది ఎర్రగా, పచ్చగా మారింది, కప్పుల మీది మెరుపు పోయి జిగురు తేలింది, ఆ జిగురుకు దూది పోగులు అతుక్కున్నాయి. రంగు నాసిరకమని అమ్మినవారిని తిట్టుకున్నాను కూడా. తర్వాత తెలిసిందేమిటంటే, లక్క నీటికి కరగదు గానీ ఆల్కహాలులో కరుగుతుంది, చెక్క సామానుకు పాలిష్ పెట్టేవారు దానిని స్పిరిట్‌లో కరిగించే వాడతారు, శానిటైజరులో అధిక భాగం ఆ ఆల్కహాలే. అంటే నేను శుభ్రం చేయలేదు, పూతను కరిగించి తీసేశాను. ఆ రెండు కప్పులు ఇప్పుడు గరుకుగా, పాలిపోయి ఉన్నాయి. ఈ బొమ్మలను తడి పిండేసిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో అద్ది, నీడలో ఆరబెడితే చాలు. నీళ్లలో నానబెట్టకూడదు. పూత లేని చోట నుంచి తడి లోపలికి దిగి చెక్క ఉబ్బుతుంది. మా డబ్బా మూత ఒకసారి స్నానపు బకెట్టులో మునిగినందుకు వారం రోజులు డబ్బాకు పట్టలేదు.

నా అసలు ఫిర్యాదు ఇక్కడే. ఇంత మంచి వస్తువును అమ్ముతూ, ఈ మూడు ముక్కలు, ఎండలో వదలకండి, స్పిరిట్ తగలనివ్వకండి, నానబెట్టకండి అని ఒక చిన్న చీటీ మీద రాసి పెట్టెలో వేయడానికి ఎంత ఖర్చవుతుంది? పెట్టె మీద ఏనుగు బొమ్మ ఉంది, తులసికోట బొమ్మ ఉంది, ఏ వయసు పిల్లలకు ఇవ్వవచ్చో మాత్రం లేదు.

వయసు సంగతి చిన్నది కాదు. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం బాబు ఎందుకో నిశ్శబ్దంగా కూర్చుని ఉన్నాడు. మా ఇంట్లో నిశ్శబ్దం మంచి శకునం కాదు. వెళ్లి చూస్తే ఒక బుగ్గ ఉబ్బెత్తుగా ఉంది. వేలు పెట్టి తీస్తే తిరగలి పిడి వచ్చింది, వేలి కొసంత కూడా లేని కర్ర ముక్క. రంధ్రంలో బిగించిన పిడి తిప్పగా తిప్పగా వదులైపోయి ఊడింది. ఆ క్షణాన నా గుండె ఎలా కొట్టుకుందో రాయను. పసిపిల్లల బొమ్మల్లో చిన్న భాగాలను పరీక్షించేందుకు వాడే గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. అందులో పూర్తిగా ఇమిడిపోయే వస్తువేదైనా మూడేళ్లలోపు పిల్లల గొంతుకు ప్రమాదమని లెక్క. ఆ కొలతతో చూస్తే మా బొమ్మల్లో తిరగలి పిడి, రోకలి, గరిటె, డబ్బా మూత, చిన్న బొంగరాలు రెండు, ఇవేవీ బాబుకు ఇవ్వదగినవి కావు. ఆ సాయంత్రమే వాటిని వేరు చేసి అలమర పై అరలో పెట్టాము. అమ్మాయి తన వంటింటిని మంచం మీదికి మార్చుకుంది, బాబు మంచం పట్టుకుని నిలబడి అరుస్తాడు. రోజుకు రెండు తగువులు దీని వల్లనే.

చాలామంది తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటి ఉంది: ఐఎస్ఐ గుర్తు లేని బొమ్మను కొనవచ్చా? 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు ఆ గుర్తు తప్పనిసరి అయింది గానీ, నమోదు చేసుకున్న హస్తకళాకారులు చేసి అమ్మేవాటికి, భౌగోళిక గుర్తింపు పొందిన ఉత్పత్తులకు మినహాయింపు ఇచ్చారు. కాబట్టి లక్కబొమ్మ మీద గుర్తు లేకపోవడం తప్పేమీ కాదు. అయితే ఆ గుర్తు కోసం జరిగే పరీక్షను మన కళ్లు, మన చేతులు చేయాలి. పిడి లాగి చూడాలి, చక్రం తిప్పి చూడాలి, అంచు మీద వేలు పోనిచ్చి గరుకుగా ఉందేమో చూడాలి.

నకిలీల సంగతి కూడా చెప్పాలి. రెండేళ్ల క్రితం నగరంలో జరిగిన ఒక ఎగ్జిబిషన్‌లో ఇదే ఊరి పేరు చెప్పి అమ్మిన రెండు బొంగరాలు కొన్నాను. నెల తిరగకుండా వాటి రంగు ఉల్లిపొరలాగా ఊడి వచ్చింది. అది లక్క కాదు, మామూలు పెయింటు. లక్క పూత పెచ్చులూడవచ్చు, అంచు దగ్గర చిట్లవచ్చు, కానీ పొరలాగా లేవదు. ఇంకో తేడా కూడా కనిపెట్టాను. లేతు మీద పట్టిన రంగు వలయాలుగా, అంచులు తీర్చినట్టు ఉంటుంది, కుంచెతో వేసినదానిలో వెంట్రుకల గీతలు కనిపిస్తాయి. తడిగుడ్డకు రంగు అంటకపోతే బొమ్మ సురక్షితమని కొందరు చెబుతారు. అది రంగు నిలకడను మాత్రమే చెబుతుంది, అందులో సీసం ఉందో లేదో చెప్పదు.

బొంగరాల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. ఇవి తాడు చుట్టి విసిరేవి కావు, వేళ్లతో తిప్పేవి. మావయ్యగారు ఒక్కో దానిని నిమిషం పైగా తిప్పగలరు, అమ్మాయికి మూడు నెలలు పట్టింది, మావారికి ఇంకా రాలేదు. ఐదింటిలో ఒకటి సోఫా కింద శాశ్వత నివాసం ఏర్పరచుకుంది.

ఏనుగు బండి బాబు నడక నేర్చుకుంటున్న రోజుల్లో అక్కరకు వచ్చింది. తాడు పట్టుకుని రెండడుగులు వేసి, వెనక వస్తోందో లేదో తిరిగి చూసుకుని, పడి, మళ్లీ లేచేవాడు. గుండ్రంగా తిప్పిన ముక్కలను అతికించి చేసిన ఏనుగు కాబట్టి తొండం ఒకసారి ఊడింది, ఫెవికాల్‌తో అతికించి రాత్రంతా దారం కట్టి ఉంచితే నిలిచింది. తాడు మాత్రం మరీ పొడవుగా ఉంది. పిల్లవాడి మెడకు చుట్టుకునేంత పొడవు ఉండకూడదని నేనే జానెడున్నర ఉంచి కత్తిరించాను. చెక్క మెత్తనిది కావడంతో ఏనుగు చెవుల మీద, కప్పుల అంచుల మీద వాడి నాలుగు పళ్ల గాట్లు వరుసగా పడ్డాయి. కప్పులను టైల్సు మీద విసిరికొట్టిన ప్రతిసారీ ఒక పెచ్చు లేచింది గానీ, ఒక్కటీ పగలలేదు.

కొనదలచినవారికి నేను చెప్పేది, పెట్టెలో సర్దిన సెట్టు తీసుకోకుండా విడిగా ఏరుకోండి. ఏడాదిలోపు పిల్లలకు పెద్ద గిలక్కాయ ఒక్కటి చాలు, అదీ మీ ఎదుట ఆడుకోవడానికి. నడక వచ్చాక బండి, మూడేళ్లు నిండాకే లక్కపిడతలు. ఇంట్లో ఇద్దరు ఉంటే ఒకే రకం కప్పులు రెండు రంగుల్లో కొనండి. ధర విషయంలో బేరం ఆడాలనిపించలేదు. ఒక కప్పు తిప్పి, లక్క పట్టించి, ఒత్తే పని కళ్లారా చూసినవారు 40 రూపాయల బొంగరానికి బేరమాడరనుకుంటాను.

దసరాకు మళ్లీ అటు వెళ్తున్నాము. తిరగలికి కొత్త పిడి వేయించి గట్టిగా అతికించమని అడగాలి, నేను పాడుచేసిన రెండు కప్పులకు మళ్లీ లక్క పట్టిస్తారేమో కనుక్కోవాలి. ఏమేం తేవాలని అమ్మాయిని అడిగితే ఆలోచించుకోకుండానే చెప్పింది: తమ్ముడికి వేరే పొయ్యి, దానితో పాటు వాడిని కూర్చోబెట్టడానికి వేరే గది.