మంగలి కత్తికి చివరి మెరుగు: 12,000 గ్రిట్ రాయా, బెల్జియం రాయా?

మంగలి కత్తిని 8,000 గ్రిట్ (రాయి రేణువుల సన్నదనం; అంకె పెరిగేకొద్దీ రేణువులు సన్నం) దాకా నూరాక చివరి మెరుగు దేనిమీద ఇవ్వాలి? కొత్తగా నేర్చుకునేవాళ్లకు జపాన్ కంపెనీ నానివా చేసే 12,000 గ్రిట్ రాయే మంచిది. కృత్రిమంగా చేసింది కాబట్టి రేణువులు అంతటా ఒకేలా ఉంటాయి. నీళ్లు చిలకరించి, వెన్నునూ అంచునూ రాయికి ఆనించి, అంచు ముందుండేలా తేలిగ్గా తోస్తే చాలు. అంచు పక్కనున్న వాలు అద్దంలా మెరుస్తుంది.

కోటిక్యూల్ దారి వేరు. బెల్జియంలోని ఆర్డెన్ ప్రాంతంలో తవ్వితీసే లేతపసుపు సహజ రాయి ఇది. ఇందులోని సన్నటి గార్నెట్ అనే గట్టి ఖనిజపు రేణువులే పని చేసేది. పైన చిన్న రాయిముక్కతో రుద్దితే తెల్లటి గుజ్జు వస్తుంది. చిక్కటి గుజ్జులో ఉక్కు త్వరగా అరుగుతుంది. కొన్ని చుక్కల చొప్పున నీళ్లు కలుపుతూ దాన్ని పలచన చేస్తే అరుగుదల తగ్గి, మెరుగు మొదలవుతుంది. చివరికి ఒట్టి నీళ్లమీదే నూరాలి. ఎప్పుడు ఎన్ని చుక్కలన్నది రాయిని బట్టి మారుతుంది, అసలు టెన్షన్ అక్కడే. మెరుపు కాస్త మసకే, కానీ ఆ అంచు చెంప మీద ఎంత మెత్తగా నడుస్తుందో! సున్నితమైన చర్మానికి నా ఓటు దీనికే.

ఏ రాయి వాడినా ఆ తర్వాత కత్తిని తోలు పట్టీ మీద రుద్దడం తప్పదు. అక్కడ వెన్ను ముందు, అంచు వెనక. కొసకు వచ్చాక కత్తిని వెన్ను మీదే తిప్పాలి. అంచు మీద తిప్పితే తోలూ తెగుతుంది, పదునూ పోతుంది. పట్టీని బిగుతుగా లాగి పట్టుకోండి, వదులైతే అంచు గుండ్రంగా అయిపోతుంది.