ఆటల్లో యోధురాళ్ల డ్రెస్సు: పనికొచ్చేది మేలా, సోకైనది మేలా?

2008లో వచ్చిన సోల్‌కాలిబర్ 4 అనే ఫైటింగ్ వీడియో గేమ్‌లో క్యారెక్టర్‌ని ఎంచుకునే స్క్రీన్ దగ్గర కాసేపు ఆగితే చాలు, ఈ తగువంతా అక్కడే కనిపిస్తుంది. ఒక పక్క ఐవీ. చేతిలో కొరడాలా సాగే కత్తి ఉంటుంది, ఒంటిమీద గుడ్డ మాత్రం వెతుక్కోవాలి. ఇంకో పక్క హిల్డె. మెడ నుంచి పాదాల దాకా ఉక్కు కవచం, ఒక చేతిలో ఈటె, రెండో చేతిలో పొట్టి కత్తి. ఇద్దరూ ఒకే బరిలో కొట్టుకుంటారు. హిల్డె ఉక్కులో ఉంది కదా అని ఐవీ దెబ్బ ఆమెకి తగలకుండా పోదు. ఆ ఆటలో దెబ్బలు పడేకొద్దీ డ్రెస్సు ముక్కలుగా ఊడిపోతుంది కూడా. హిల్డెకి ఊడడానికి బోలెడుంది. ఐవీకి ఏముంది పాపం!

యుద్ధానికి పనికొచ్చేలా గీసిన డ్రెస్సు మేలా, కంటికి ఇంపుగా, సోకుగా గీసినది మేలా? రెండు వైపులా గట్టి వాదనలే ఉన్నాయి. నా ఓటు ముందే చెప్పేస్తాను. దెబ్బ తగిలితే నొప్పి పుట్టే ప్రపంచం అని ఆట నన్ను నమ్మించాలనుకుంటే పనికొచ్చే డ్రెస్సే ఉండాలి. అలాంటి నమ్మకమేదీ అడగని ఆటల్లో సోకు డ్రెస్సు ఉన్నా నాకు పేచీ లేదు, నిజానికి అదే బాగుంటుంది.

ముందు నిజమైన కవచం సంగతి. 15వ శతాబ్దపు యూరప్‌లో నిలువెల్లా తొడిగే ఉక్కు కవచం బరువు సుమారు 15 నుంచి 25 కిలోలు. వినడానికి ఎక్కువే, కానీ ఆ బరువు ఒళ్లంతా పంచుకుంటుంది. కొలతలిచ్చి చేయించుకున్నదైతే అది వేసుకుని పరుగెత్తొచ్చు, గుర్రం ఎక్కొచ్చు. లోపల దళసరిగా పొరలు వేసి కుట్టిన చొక్కా ఉంటుంది. అది లేకపోతే ఉక్కు మీద పడిన గద దెబ్బ ఎముకల దాకా దిగుతుంది. ఛాతీ పలక మధ్యలో ఉబ్బెత్తుగా ఉండి, రెండు పక్కలకీ వాలుగా దిగుతుంది. కత్తి మొన తగిలితే పక్కకి జారిపోవాలనే ఆ వాలు.

ఆటల్లో ఆడవాళ్ల కోసం గీసే కవచంలో ఛాతీని రెండు గుబ్బలుగా విడివిడిగా తీరుస్తారు. వాటి మధ్య పల్లం ఏర్పడుతుంది. పక్కకి పోవాల్సిన మొన ఆ పల్లంలోకి జారి, సరిగ్గా గుండె ముందున్న ఎముక మీద ఆగుతుంది. అంటే సోకు కోసం చేసిన మార్పు కవచం చేయాల్సిన పనినే చెడగొట్టింది. ఇక తొడలు, పొట్ట వదిలేసే డిజైన్ల గురించి చెప్పేదేముంది? ఫ్రాన్స్ సేనని నడిపిన జోన్ ఆఫ్ ఆర్క్‌కి 1429లో టూర్ నగరంలో 100 లీవ్రలు (అప్పటి ఫ్రెంచి డబ్బు) పెట్టి కవచం చేయించారు. అది ఉండి కూడా ఆ ఏడాది మే నెలలో ఓర్లియాన్ దగ్గర మెడకీ భుజానికీ మధ్య బాణం దిగింది. సెప్టెంబరులో పారిస్ గోడల దగ్గర తొడలో ఇంకోటి. ఉక్కు తొడుక్కున్న మనిషికే ఈ గతి పడితే, మన ఆటల్లో తొడలు బయటపెట్టుకుని కోట ఎక్కే సేనాధిపతి సంగతేంటి?

పనికొచ్చే డ్రెస్సు కథకి ఎంత మేలు చేస్తుందో చూడాలంటే టూంబ్ రైడర్ ఆటల నాయిక లారా క్రాఫ్ట్‌ని మించిన ఉదాహరణ లేదు, ఎందుకంటే రెండు రకాలూ ఒకే మనిషి మీద చూడొచ్చు. 1996 నాటి మొదటి టూంబ్ రైడర్ మొదలయ్యేది పెరూ కొండల్లో. గుహ ముందు మంచు, లోపల తోడేళ్లు. మన చేతికి వచ్చిన లారా ఒంటిమీద చేతుల్లేని బిగుతు బనియను, నిక్కరు. అప్పట్లో దాన్ని తప్పుపట్టలేం. కొన్ని వందల త్రిభుజాలతో అతికించిన బొమ్మ, టీవీలో అరచేతి ఎత్తు కూడా ఉండదు. నీలం పైన, గోధుమరంగు కింద, తొడలకి రెండు పిస్తోళ్లు. ఎంత మసక తెర మీదైనా లారా అని తెలిసిపోయేది. డ్రెస్సుకి ఉన్న పని అంతే, అది బ్రహ్మాండంగా చేసింది.

2013లో అదే లారా కథని మొదటినుంచీ మళ్లీ చెప్పారు. ఓడ మునిగి ఒక దీవిలో పడ్డ అమ్మాయి. బురద, నెత్తురు, గాయానికి కట్టిన గుడ్డ, చిరిగిపోతూ వచ్చే ప్యాంటు. అక్కడ డ్రెస్సే డైరీలా పనిచేసింది, ఏ గండం ఎప్పుడు గడిచిందో దాని మీద చదువుకోవచ్చు. 2015లో వచ్చిన రైజ్ ఆఫ్ ది టూంబ్ రైడర్‌లో సైబీరియా మంచుకి ఆమె దళసరి కోటు వేసుకుంది. అది ఆడుతుంటే నాకే చలి పుట్టింది. మంచులో నిక్కరుతో తిరిగే లారాని చూసి ఎవరికీ చలి పుట్టదు. వాతావరణం ఎంత బాగా గీసినా, అందులో తిరిగే మనిషికే అది తగలకపోతే మనకేం తగులుతుంది?

2017 నాటి హొరైజన్ జీరో డాన్ ఇంకో అడుగు ముందుకేసింది. అందులో నాయిక ఎలోయ్ తిరిగే ప్రపంచంలో ఒక్కో తెగకి ఒక్కో కట్టు. మంచు కొండల బానుక్‌లు కట్టేవి వేరు, ఎండ దేశపు కార్జాలు కట్టేవి వేరు. బానుక్ డ్రెస్సు వేసుకుంటే చలి దాడిని తట్టుకుంటుంది, కార్జా డ్రెస్సు నిప్పుని తట్టుకుంటుంది, నోరా తెగ వేటగత్తె డ్రెస్సులో యంత్ర మృగాల కంట పడకుండా నక్కొచ్చు. కార్జా డ్రెస్సులో నడుము కనిపిస్తుంది. అయినా ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించలేదు, ఎందుకంటే ఆ దేశపు రాజు అవాద్ కూడా నగలు దిగేసుకుని ఛాతీ తెరిచే కూర్చుంటాడు. అక్కడి రివాజు అది, ఆడామగా తేడా లేదు.

పనికొచ్చే డ్రెస్సు అనగానే ఉక్కు తొడుగు గుర్తొస్తే అదీ సరికాదు. 13వ శతాబ్దంలో ఓరుగల్లు ఏలిన రుద్రమదేవి మీద రేపెవరైనా ఆట చేసి, మే నెల ఎండలో ఆమెకి జోన్ ఆఫ్ ఆర్క్ కవచం తొడిగారనుకోండి. శత్రువు రానక్కర్లేదు, వడదెబ్బే పని పూర్తి చేస్తుంది. ఏ ఎండకి, ఏ ఆయుధానికి, ఎంత దూరం నడకకి అన్నవి చూసుకున్నాకే ఏది పనికొస్తుందో చెప్పగలం.

ఇక సోకు పక్షం. వాళ్ల వాదనలో బలమైన ముక్క ఒకటుంది. పౌరాణిక నాటకంలో దుర్యోధనుడి భుజకీర్తులు చూసి, ఇవి గద దెబ్బకి ఆగుతాయా అని ఎవరూ అడగరు. చివరి వరసలో కూర్చున్నవాడికి కూడా వచ్చింది దుర్యోధనుడని తెలిస్తే చాలు. ఫైటింగ్ గేమ్‌లదీ అదే లెక్క. 1991లో స్ట్రీట్ ఫైటర్ 2లో చున్‌లీని గుర్తుపట్టడానికి రెండు ముడులూ, నీలం చైనా గౌనూ, ముళ్ల కడియాలూ సరిపోయేవి. నీడ చూసి కూడా చెప్పేయొచ్చు. ఆమె ఆయుధం కాళ్లే కాబట్టి చూపు కాళ్ల మీదకి పోయేలా గీశారు. అది సోకే, కానీ లెక్కున్న సోకు.

సోకు ఎంత దూరం వెళ్లొచ్చో చూడాలంటే 2009 నాటి బయోనెటా ఆట ఉంది. అదే పేరున్న దాని నాయికని గీసింది మారి షిమజాకి అనే మహిళా డిజైనర్. బయోనెటా నల్ల సూటు బట్ట కాదు, ఆమె జుట్టు. పెద్ద దెబ్బ వేసేటప్పుడు ఆ జుట్టే లేచి రాకాసి పిడికిలిగానో, బూటుకాలుగానో మారి శత్రువు మీద పడుతుంది. జుట్టు దాడికి వెళ్లిన మేరకి ఒంటిమీద సూటు తగ్గుతుంది. చేతుల్లో రెండు తుపాకులు, మడమలకి ఇంకో రెండు. కాబట్టి హీల్స్ తీసేయమంటే ఆమె తుపాకులు తీసేయమన్నట్టే. ఈ డ్రెస్సుని మార్చి పనికొచ్చే కోటు వేస్తే ఆటే ఉండదు. చూసేవాళ్లకి ఇబ్బందిగా ఉండదా అంటే, ఉంటుంది. నలుగురున్న హాల్లో ఆడే ఆట కాదది. కానీ ఆమె తన ఒళ్లు చూసుకుని సిగ్గుపడదు, ఎవరికోసమో ఒలకబోయదు, ఎదుటివాణ్ణి ఆటపట్టిస్తుంది. డ్రెస్సూ, స్వభావమూ, దెబ్బ వేసే తీరూ ఒకదానికొకటి అతుక్కున్నాయి.

2017 నాటి నియర్ ఆటోమాటాలో 2బీ అనే యోధురాలు కూడా హీల్స్‌తోనే కత్తి తిప్పుతుంది. ఆమె యంత్రం కాబట్టి మడమ బెణకదు, సరే అనుకోవచ్చు. (హీల్స్ మనకి కొత్తేం కాదు. రామప్ప గుడిలో ఎత్తు మడమల చెప్పులేసుకున్న మదనిక శిల్పాన్ని గైడ్లు చూపించకుండా వదలరు. అయితే ఆమెకి యుద్ధంతో పని లేదు.)

నాకు మింగుడుపడనిది సోకుకి కథ కట్టి దాన్ని అవసరంగా చూపించడం. 2015లో మెటల్ గేర్ సాలిడ్ 5లో క్వైట్ అనే స్నైపర్ బికినీలాంటి పైగుడ్డ, చిరిగిన మేజోళ్లతో అఫ్గానిస్థాన్ రాళ్ల మీద పడుకుని గురి చూస్తుంది. ఆమె ఊపిరి తీసుకునేది చర్మంతో, బట్టలు కప్పితే ఊపిరాడదని కథలో చెప్పారు. బాగానే ఉంది. కానీ అదే వరసలో 2004 నాటి మూడో ఆటలో ది ఎండ్ అని ఒక ముసలి స్నైపర్ ఉన్నాడు. అతనిదీ ఎండ తాగి బతికే ఒళ్లే. ఆయనగారు మాత్రం నిండా బట్టలు కట్టుకునే అడవిలో పడుకున్నాడు. తాతకి లేని ఉబ్బరం అమ్మాయికే ఎందుకొచ్చింది? బయోనెటాలా ‘నా ఇష్టం’ అని ఉంటే ఇంత రాయనక్కర్లేదు.

ఇంకో చికాకు, ఒకే వస్తువు ఇద్దరికీ రెండు రకాలుగా కనిపించడం. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ పాత రోజుల్లో కొన్ని కవచాలు మగ క్యారెక్టర్‌కి తొడిగితే నిండు ప్యాంటు, ఆడ క్యారెక్టర్‌కి తొడిగితే లంగోటీ. పేరు అదే, రక్షణ అంకె అదే. దీన్ని ఏ కళా సమర్థించలేదు. గాడ్ ఆఫ్ వార్ ఆటల హీరో క్రేటోస్ కూడా చొక్కా లేకుండానే తిరుగుతాడు కదా అని కొందరు అడ్డం వస్తారు. క్రేటోస్ కండలు చూస్తే ‘వీడితో పెట్టుకోకూడదు’ అనిపిస్తుంది. అందుకే వాడికి చొక్కా లేదు. కెమెరా వాడి నడుము చుట్టూ తచ్చాడదు. డార్క్ సోల్స్ కోవలోని ‘సోల్స్’ ఆటలు ఈ గొడవే పెట్టుకోలేదు. 2022 నాటి ఎల్డెన్ రింగ్‌లో ఉక్కు కవచం ఎవరు వేసుకున్నా ఉక్కు కవచమే, బరువు మోయగల హద్దులో 70 శాతం దాటితే దెబ్బ తప్పించుకోడానికి ఎవరైనా చురుగ్గా దొర్లలేక దబ్బున పడాల్సిందే.

పనికొచ్చే పక్షానికీ ఒక చిన్న చురక. మొదట మెచ్చుకున్న హిల్డెకి ఒళ్లంతా కవచం ఉంది, తలకి మాత్రం కిరీటంలాంటి పట్టీ. హెల్మెట్ లేదు. యుద్ధంలో ముందు కాపాడుకోవాల్సింది తలే కదా! కానీ మొహం కనిపించకపోతే క్యారెక్టర్‌తో చనువు రాదని డిజైనర్ల బెంగ. ఆడేవాళ్లం మనమూ తక్కువ తినలేదు. హెల్మెట్ దాచే ఆప్షన్ ఉన్న ప్రతి ఆటలోనూ నేను చేసే మొదటి పని అది ఆన్ చేయడమే.

ఇద్దరికీ సర్ది చెప్పిన పద్ధతి స్ట్రీట్ ఫైటర్ 6లో నచ్చింది. 1993లో వచ్చినప్పటి నుంచీ క్యామీ అంటే ఆకుపచ్చ ఈత డ్రెస్సులాంటిది, ఎర్ర టోపీ, మోకాళ్లు దాటే జడలు. 2023లో ఆమెకి జుట్టు కత్తిరించి, కోటు వేసి, కాళ్లకి లెగ్గింగ్స్ తొడిగారు. పాత డ్రెస్సు పారేయకుండా రెండో అవుట్‌ఫిట్‌గా ఉంచారు. కొత్తది చూశాక పాతది నాకు కాస్త వెలితిగా కనిపించింది. కోటు ఉంటే తిరిగి తన్నినప్పుడు దాని అంచు గాలిలో ఎగిరి దెబ్బకి ఊపు తెస్తుంది.

మన దగ్గర ఎక్కువమంది ఆడే తుపాకుల ఆటలు పబ్‌జీ, దాని ఇండియా మొబైల్ రూపం బీజీఎంఐలలో ఈ తగువు డబ్బులతో ముడిపడింది. అక్కడ కాపాడేది డ్రెస్సు కాదు, పైన వేసుకునే వెస్ట్ (తూటాలని ఆపే కవచం), హెల్మెట్. పీసీ పబ్‌జీలో లెవెల్ 3 హెల్మెట్ తలకి తగిలే దెబ్బలో 55 శాతం ఆపుతుంది. పెళ్లి గౌను మీద అదే వెస్ట్, చిరిగిన బనియను మీదా అదే వెస్ట్. కాబట్టి ఏది కొన్నా ఒకటే అనుకుంటే పొరపాటు. ఎరాంగెల్ అనే మ్యాప్‌లో గడ్డిలో బోర్లా పడుకున్నప్పుడు మెరుపుల డ్రెస్సు దూరం నుంచే పట్టిస్తుంది. అక్కడ ఆకులలముల ఘిల్లీ సూటుని మించింది లేదు, అది దొరక్కపోతే మట్టి రంగు చొక్కా. మా తమ్ముడు దాచుకున్న డబ్బులన్నీ పోసి రెక్కలున్న డ్రెస్సు ఒకటి కొన్నాడు. ‘లాబీలో వేసుకో, నలుగురూ చూస్తారు. మ్యాచ్ మొదలయ్యే ముందు మాత్రం మార్చుకో’ అని చెప్పాను. వాడు వినలేదు. మా స్క్వాడ్‌లో మొదట పడిపోయేది రోజూ వాడే, వాణ్ణి లేపడానికి పొగ బాంబులన్నీ ఖర్చయ్యేది నావి.